సీసాతో పూలకుండీయా, చింతగింజలతో ఓమనగుంటలా? బడిలో సర్క్యులర్ ఎకానమీకి ఏ ఆట ఎంచుకోవాలి

నాలుగేళ్ల కిందట మా బడి సైన్స్ ఫెయిర్‌కి ఏడో తరగతి పిల్లలతో "పనికిరాని వస్తువులతో పనికొచ్చే బొమ్మలు" అని ఒక స్టాల్ పెట్టించాను. 60 పూలకుండీలు, పెన్ను స్టాండ్లు తయారయ్యాయి. దాదాపు అన్నీ కూల్‌డ్రింక్ సీసాలతో చేసినవే. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు, బహుమతి కూడా వచ్చింది. వారం తర్వాత ఒక తల్లి బడి గేటు దగ్గర కలిసి నవ్వుతూనే అన్నది: "మేడం, మా ఇంట్ల ఖాళీ సీసాల్లేవు. పొల్లగాడు ఒకటే ఏడుపు. రెండు కొనుక్కొచ్చి, అండ్ల ఉన్నది అందరికి తాగవోసి సీసాలిచ్చి పంపిన."

అంతటితో అయిపోలేదు. ఆ 60 బొమ్మలను పాత సామాన్లు కొనే అతని ముందు పెడితే ఒక్కటి కూడా తీసుకోలేదు. ఉత్త సీసాగా ఉన్నప్పుడు దానికి కిలో లెక్కన ధర ఉంది. మేం దానికి గమ్ము పూసి, రంగువేసి, చమ్కీలు, ఐస్‌క్రీం పుల్లలు అతికించాం. ఇప్పుడు ప్లాస్టిక్‌ను విడిగా తీయడం ఎవరి తరం? అన్నీ పంచాయతీ ట్రాక్టర్ ఎక్కి డంపింగ్ యార్డుకు పోయాయి. మళ్లీ వాడుకోవడం నేర్పుతున్నానని అనుకుంటూ, మళ్లీ వాడుకోగలిగే సీసాలను నేనే చెత్త చేయించాను.

అప్పటి నుంచి ఏ ఆట పెట్టాలన్నా ముందు ఒక ప్రశ్న వేసుకుంటున్నాను. ఆట అయిపోయాక ఈ వస్తువు ఎక్కడికి పోతుంది? తర్వాత ఖర్చు, సమయం, పిల్లల వయసు చూస్తాను. ఇక్కడ పోల్చిన ఆటలన్నీ హనుమకొండ, వరంగల్ చుట్టుపక్కల మామూలు బడుల్లో, 40 మంది ఉండే తరగతిలో ఆడించగలిగినవే. కొన్ని నాకు బాగా నచ్చాయి, కొన్ని వద్దనే చెబుతాను.

ముందు ఈ సర్క్యులర్ ఎకానమీ అన్న మాట సంగతి. వాడిన వస్తువు చెత్త కాకుండా మళ్లీ మళ్లీ వాడకంలోకి తిరిగి రావడమే అది. పుస్తకాల్లో "వర్తుల ఆర్థిక వ్యవస్థ" అని రాస్తారు. ఆరో తరగతి పిల్లలకు ఆ మాట చెబితే పరీక్షలో వస్తుందా అని అడుగుతారు. నేను బొంత చూపిస్తాను. నానమ్మ చీర చిరిగితే లంగా అయింది, అది పాతబడితే పొత్తిగుడ్డ అయింది, మిగిలిన ముక్కలన్నీ కలిపి కుడితే బొంత అయింది. ఈ విషయంలో ప్రపంచమంతా పేరున్న ఎలెన్ మెక్ఆర్థర్ ఫౌండేషన్ చెప్పే సూత్రాలు మూడు. చెత్త, కాలుష్యం అసలు పుట్టకుండా వస్తువును తయారుచేయడం, వస్తువులను, ముడిసరుకును వాడకంలో తిప్పుతూ ఉండటం, నేలను, ప్రకృతిని తిరిగి బలపరచడం. మీరు ఎంచుకునే ఆట ఈ మూడింటిలో ఒక్కటి నేర్పినా చాలు. మూడూ ఒకే ఆటలో ఇరికిస్తే పిల్లలకు ఏదీ గుర్తుండదు.

తడి చెత్త, పొడి చెత్త పందెం

అందరూ మొదట పెట్టే ఆట ఇదే. గ్రౌండ్ మధ్యలో కలిపిన చెత్త కుప్ప, ఆ చివర ఆకుపచ్చ, నీలం డబ్బాలు. రెండు జట్లు ఒక్కొక్కరుగా పరుగెత్తి, ఒక వస్తువు తీసి సరైన డబ్బాలో వేసి రావాలి. ఒక్క పీరియడ్ చాలు, పైసా ఖర్చు లేదు, మూడో తరగతి పిల్లలు కూడా ఆడతారు. వరంగల్‌లో దీనికి పెద్ద పూర్వకథే ఉంది. 2012లో నగరమంతటా క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ అని పోటీ పెట్టి ఇంటింటా తడి, పొడి చెత్త వేరు చేయించారు.

అయితే ఈ ఆట డబ్బా దగ్గర ఆగిపోతుంది. డబ్బాలో పడ్డాక ఏమవుతుందో పిల్లలకు తెలియదు. పైగా మీరు ఇక్కడ రెండు డబ్బాలు నేర్పి, సాయంత్రం చెత్త బండి రెండింటినీ ఒకే తొట్టిలో కుమ్మరించడం వాళ్లు చూశారనుకోండి, మర్నాడు మీరు చెప్పేది ఎవరూ వినరు. మాకు అలాగే జరిగింది. కాబట్టి అయిదో తరగతి లోపు పిల్లలకు, మొదటి రోజు ఆటగా మాత్రమే ఇది పెట్టండి. పెద్ద పిల్లలకు కింది ఆట మేలు.

పాత సామాన్ల ధర ఆట

"పాత ఇనుప సామాన్లకు, ప్లాస్టిక్ సామాన్లకు ఉల్లిగడ్డలూ..." అని మైకు పెట్టుకుని బండి వస్తే వీధిలో పిల్లలందరికీ ఆ పాట నోటికి వచ్చేస్తుంది. ఆ బండి అతన్నిగానీ, దగ్గర్లోని స్క్రాప్ దుకాణం అతన్నిగానీ ఒక గంట బడికి రమ్మనండి. తరాజు ఆయనే తెస్తాడు. పిల్లలు ఇంటి నుంచి తెచ్చిన 15 రకాల వస్తువులను బల్ల మీద పెట్టి, ఒక్కోదానికి కిలో ఎంత వస్తుందో ప్రతి జట్టూ చీటీ మీద రాయాలి. తర్వాత ఆయన అసలు ధర చెబుతాడు. దగ్గరగా రాసిన జట్టుకు పాయింటు. ధరలు నెలనెలా మారుతుంటాయి కాబట్టి ముందే పట్టిక తయారుచేసి పెట్టుకోకండి, ఆ రోజు ఆయన చెప్పిందే లెక్క.

ఈ ఆటలో అసలు సంగతి ఏ వస్తువుకు ధర సున్నా అన్నది. రాగి తీగ, అల్యూమినియం గిన్నె, ఇనుము, పాత పేపర్, నీళ్ల సీసా, అన్నింటికీ ఏదో ఒక ధర పలుకుతుంది. చిప్స్ ప్యాకెట్ చేతికిస్తే మాత్రం తల అడ్డంగా ఊపుతాడు. థర్మకోల్‌కూ అంతే. ఎందుకు వద్దంటున్నాడని పిల్లలే అడుగుతారు, అప్పుడు చెప్పండి. చిప్స్ ప్యాకెట్‌లో వేర్వేరు ప్లాస్టిక్ పొరలు, వాటి మధ్య వెండిలా మెరిసే పల్చటి అల్యూమినియం పూత అతుక్కుని ఉంటాయి. వాటిని విడదీయడం గిట్టుబాటు కాదు. అల్యూమినియం గిన్నెకు అంత ధర ఎందుకంటే, ఖనిజం నుంచి కొత్తగా తీయడంతో పోలిస్తే పాతదాన్ని కరిగిస్తే 95 శాతం దాకా కరెంటు, ఇంధనం మిగులుతాయి. సీసా అడుగున త్రికోణంలో ఉండే 1, 2, 5 అంకెలు ప్లాస్టిక్ రకాన్ని చెబుతాయి. ఈ అంకెల్ని పాఠంగా చెప్పినప్పుడు ఎవరికీ ఎక్కలేదు. ఆయన సీసాను తిరగేసి చూసి ఈ గోనెలోకి, ఆ గోనెలోకి విసురుతుంటే ఇట్టే పట్టేశారు.

ఇంకో లాభం ఉంది, నాకైతే అదే పెద్దది. రోజూ వీధిలో తిరిగే మనిషి ఆ గంటసేపు తరగతిలో సారు అవుతాడు. మా దగ్గరికి వచ్చిన అతను మొదట బల్ల మీద కూర్చోవడానికే మొహమాటపడ్డాడు. చివరకు పిల్లలు వదలకపోతే రెండో పీరియడ్ కూడా ఉండిపోయాడు. ఆయనకు ఆ రోజు వ్యాపారం పోతుంది కదా, బడిలో నెలంతా పోగైన అట్టపెట్టెలు, పేపర్లు ఆ రోజే ఆయనకు అమ్మండి. ఆట ముగిశాక సామాన్లు ఎక్కడికి పోయాయన్న ప్రశ్నకు జవాబు కూడా దొరికినట్టే, ఆయన బండిలోనే పోతాయి.

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇది సరిపోతుంది. జాగ్రత్తలు రెండు. పగిలిన గాజు, తుప్పు పట్టిన రేకు తేవద్దని ముందే చెప్పండి. ఇంట్లో ఇంకా వాడుతున్న గిన్నెలు పట్టుకొచ్చే పిల్లలుంటారు, వాటిని మర్నాడు జాగ్రత్తగా వెనక్కి పంపండి.

ఓమనగుంటలు

వామనగుంటలు అని కూడా అంటారు. రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు, చింతగింజలు. గింజలు ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి తిరుగుతూ పోతుంటాయి. వస్తువులు తిరిగి రావడం గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి పలక ఎక్కడ దొరుకుతుంది? వైకుంఠపాళి ఎంత బాగా గీసినా అది కింద మొదలై పైన అయిపోతుంది, అక్కడి నుంచి ఏదీ తిరిగి రాదు.

చెక్కపలక లేకపోతే నేల మీద సుద్దముక్కతో సున్నాలు గీయండి. ఒక వరస ఒక జట్టుది. గుంటకొక్కరు కూర్చుంటే పలకకు 14 మంది, మూడు పలకలకు తరగతి మొత్తం సరిపోతుంది. గుంటల పేర్లు వరసగా ఇవి: చేను, మిల్లు, మగ్గం, దుకాణం, ఇల్లు, పాతబట్టల మూట, చెత్తకుప్ప. చేనులో 40 గింజలు, మధ్యలోని అయిదు గుంటల్లో అయిదేసి గింజలు, కుప్ప ఖాళీ. వరసకు 65 గింజలు కావాలి.

మొదటి ఆట సీదా ఆట. టీచర్ చప్పట్లు కొడితే ఒక ఏడాది గడిచినట్టు. మూటలోని అయిదు కుప్పలోకి, ఇంట్లోని అయిదు మూటలోకి, ఇలా వెనక నుంచి ముందుకు జరుపుకుంటూ రావాలి. చివరికి మిల్లు ఖాళీ అవుతుంది, చేను నుంచి అయిదు తీసి అందులో వేయాలి. ఎనిమిదో చప్పట్లకు చేను ఖాళీ, కుప్పలో 40 గింజలు. చెత్తకుప్ప దగ్గర కూర్చున్న పిల్లవాడు తానే గెలిచానని ఎగురుతాడు. ఎగరనివ్వండి.

రెండో ఆటలో నాలుగు గవ్వలు తెండి. ప్రతి ఏడూ మూటలోని అయిదు గింజలు కుప్పకు పోయే ముందు మూట గుంట దగ్గర కూర్చున్న పిల్ల గవ్వలు వేస్తుంది. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గింజలు తిరిగి మిల్లుకు పోతాయి. మిల్లుకు ఎప్పుడూ అయిదే కావాలి, కాబట్టి రెండు తిరిగి వస్తే చేను నుంచి మూడే తీయాలి. ఈసారి చేను 12, 14 ఏళ్ల దాకా నిలుస్తుంది. ఇది ఉత్త ఊహ కాదు, హర్యానాలోని పానిపట్‌లో పాత బట్టలను పీచుగా చీల్చి మళ్లీ దారం తీసే మిల్లులు ఎన్నో ఉన్నాయి. అన్ని గింజలూ ఎందుకు తిరిగి రావని అడిగితే, చీల్చిన కొద్దీ పోగు పొట్టిదైపోతుందని, బలం చాలదని చెప్పండి. పిల్లలు తమ చొక్కా అంచు పోగు లాగి చూసుకుంటారు. బొత్తాలు ఊడకుండా మీరు చూసుకోవాలి.

మూడో ఆట ఇంటి గుంటలో మొదలవుతుంది. చిరిగిన చోట కుట్టుకున్నాం, అన్న చొక్కా తమ్ముడు వేసుకున్నాడు. బట్ట ఎక్కువ కాలం వచ్చింది కాబట్టి అసలు కావాల్సిందే తక్కువ. మధ్య గుంటల్లో అయిదుకు బదులు మూడేసి గింజలు, నాలుగు గవ్వలకు బదులు మూడు. ఇప్పుడు చేను 25 ఏళ్లు దాటినా ఖాళీ కాదు, చాలాసార్లు పీరియడ్ గంట కొట్టినా ఆట అవ్వదు. రీసైక్లింగ్ కంటే ముందు వాడకం తగ్గించుకోవడం, బాగుచేసుకోవడం ఎందుకన్నది నేను పదేళ్లుగా బోర్డు మీద బాణాలు గీసి చెబుతూనే ఉన్నాను. ఈ గింజల ముందు ఆ బాణాలు ఎందుకూ పనికిరాలేదు.

ఈ ఆటలో ఒక తప్పు ఉంది. నేను గమనించలేదు, ఆరో తరగతి అమ్మాయి పట్టుకుంది. "మేడం, చేన్ల మల్ల పత్తి పండదా?" నిజమే కదా! ఎనుమాముల మార్కెట్‌కు ఏటా బండ్ల మీద బండ్లు పత్తి వస్తుంటే చూసే పిల్ల ఆమె. చేను గనిలా ఖాళీ అవుతుందని నేను చెబితే ఎందుకు నమ్ముతుంది? మర్నాడు నియమం మార్చాం. ప్రతి ఏడూ చేనులో బయట నుంచి రెండు గింజలు పడతాయి. సీదా ఆటలో అప్పటికీ 13 ఏళ్లకు చేను అయిపోయింది. మూడో ఆటలో మాత్రం తగ్గడం మాని మెల్లగా పెరగడం మొదలుపెట్టింది. తరగతిలో చప్పట్లు ఆగలేదు.

ఆ రెండు గింజలు ఎక్కడివని అడిగితే మన ప్రాంతంలో జవాబు రెడీగా ఉంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి ఆ మట్టిని పొలాలకు తోలుకున్నారు. పిల్లల ఇళ్లలో ఆ ట్రాక్టర్లు నడిపినవాళ్లు ఉంటారు. వాన నీటితో పొలాల నుంచి కొట్టుకొచ్చి చెరువులో పేరుకున్న ఒండ్రు తిరిగి పొలానికి చేరడమే ఆ రెండు గింజలు. పాకాల, రామప్ప లాంటి 13వ శతాబ్దపు చెరువుల నాటి నుంచీ ఉన్న బంధం ఇది. ఈ ఒక్క ముచ్చట మీద ఇంకో పీరియడ్ నడుస్తుంది.

ఎనిమిది, తొమ్మిది తరగతులకైతే చేనుకు బదులు గని అని పేరు పెట్టండి. ఇనుప ఖనిజం అంటే బయ్యారం పేరు వాళ్లు విన్నదే. గనిలో ఏటా రెండు గింజలు పడవు. అయితే ఇనుము కరిగిన కొద్దీ పోగులా పొట్టిదైపోదు, కాబట్టి అయిదు గవ్వలు వేయనివ్వండి. పండేదాని దారి వేరు, తవ్వేదాని దారి వేరు అన్నది రెండు ఆటలూ పక్కపక్కన ఆడితే వాళ్లకే తెలుస్తుంది.

ఖర్చు సున్నా. చింతపండు కొట్టే రోజుల్లో ఇంటికో గుప్పెడు గింజలు తెమ్మంటే ఏడాదికి సరిపడా వస్తాయి, ఆట అయ్యాక డబ్బాలో పోసి దాచుకోవచ్చు. ఇబ్బంది ఒక్కటే, లెక్క తప్పే పిల్లల దగ్గర గుంటలో నాలుగో ఆరో పడిపోయి ఆట గందరగోళమవుతుంది. నాలుగో తరగతి కంటే చిన్నవాళ్లకు పెట్టకండి.

పాతిపెట్టి తవ్వే ఆట, కంపోస్టు కుండలు

రెండూ మట్టి ఆటలే, కానీ పెట్టాల్సిన శ్రద్ధలో చాలా తేడా ఉంది. రెంటిలో ఒకటే అంటే మొదటిది ఎంచుకోండి.

జూన్ చివర, తొలి వానలు పడ్డాక బడి వెనక అడుగు లోతు గుంత తీసి మోదుగాకు విస్తరి ముక్క, నూలు గుడ్డ, పాలిస్టర్ రిబ్బను, అరటి తొక్క, పేపర్ టీ కప్పు, చిప్స్ ప్యాకెట్ పాతిపెట్టండి. పక్కన పుల్లలు పాతండి, పైన బండరాయి పెట్టండి, లేకపోతే కుక్కలు తవ్వేస్తాయి. దసరా సెలవుల నాటికి ఏది ఎంత మిగులుతుందో ప్రతి పిల్లా పాతిపెట్టిన రోజే చీటీ రాసి డబ్బాలో వేయాలి. మూడు నెలల తర్వాత తవ్వి చీటీలు విప్పాలి. వాన మట్టి తడిగా ఉంటుంది కాబట్టి విస్తరి, తొక్క మట్టిలో కలిసిపోతాయి, నూలు గుడ్డ చివికిపోతుంది. రిబ్బను, ప్యాకెట్ కడిగితే మెరుస్తాయి. అందరి అంచనా తప్పేది పేపర్ కప్పు దగ్గర. కాగితం కాబట్టి ఏమీ మిగలదనే రాస్తారు. లోపలి పల్చటి ప్లాస్టిక్ పొర మాత్రం కప్పు ఆకారంలోనే చేతికి వస్తుంది. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, స్పూన్లు, ప్లేట్లు నిషేధించాక మనమంతా పేపర్ కప్పు మంచిదనుకుని వాడుతున్నాం కదా. మా స్టాఫ్ రూమ్‌లో ఆ తర్వాత స్టీలు గ్లాసులు వచ్చాయి. వాటిని ఎవరు కడగాలన్న గొడవ ఇంకా తేలలేదు.

కంపోస్టు కుండల పోటీకి మనిషి కావాలి. మధ్యాహ్న భోజనం వండే అక్కలతో ముందే మాట్లాడుకోండి, కూరగాయల తొక్కలు విడిగా బకెట్‌లో వేయమనండి. చిల్లులు పెట్టిన మట్టికుండలో ఎండుటాకుల పొర, తొక్కల పొర, మళ్లీ ఆకులు, పైన కాస్త పేడ నీళ్లో పుల్ల మజ్జిగో. గుప్పెడు తీసి పిండితే చేయి తడవాలి, నీళ్లు కారకూడదు. కంపు కొడుతుంటే ఎండుటాకులు చాలలేదని అర్థం. ఉప్పు, నూనె ఉన్న కూర అన్నం ఎక్కువ పడితే కంపు తప్పదు. రెండు మూడు నెలలకు ఏ జట్టు కుండ ముందు తయారైందో తేల్చడానికి కొలతలు అక్కర్లేదు, ఒక్కో కుండలోంచి కాస్త మట్టి తీసి పది మెంతి గింజలు చల్లండి. బాగా మొలిస్తే ఎరువు తయారైనట్టు, కుళ్లిపోతే ఇంకా మగ్గాలి.

వానపాములు మాత్రం సరదాకి తెచ్చుకోకండి. ఒక ఏడాది మేం తెచ్చాం. ఒంటిపూట బడులయ్యాక వేసవి సెలవుల్లో నీళ్లు చల్లే దిక్కులేక మా ఎండలకు అన్నీ చచ్చిపోయాయి. జూన్‌లో మూత తీసిన పిల్లల ముఖాలు నాకింకా గుర్తున్నాయి. వేసవి సెలవుల్లో చూసే మనిషి లేని బడిలో కంపోస్టు కుండలను జూలైలో మొదలుపెట్టి ఫిబ్రవరికల్లా ఎరువును మొక్కలకు వేసి కుండలు బోర్లించేయాలి.

విప్పి బిగించే ఆట

మగపిల్లలు ఎగబడతారని అనుకున్నాను, మా దగ్గర గెలిచిన నాలుగు జట్లలో మూడు అమ్మాయిలవే. ప్రతి జట్టుకూ ఒక రీఫిల్ మార్చుకునే పెన్ను, ఒక వాడిపారేసే పెన్ను, ఒక పాడైన టార్చి, తెగిన హవాయి చెప్పు ఇవ్వండి. విరగ్గొట్టకుండా విప్పాలి, ఏ భాగం దేనితో చేశారో రాయాలి, తిరిగి బిగించాలి. పెన్ను రాస్తే, చెప్పు వేసుకుని నడవగలిగితే పూర్తి మార్కులు. రీఫిల్ పెన్నులో ప్లాస్టిక్, స్ప్రింగు ఉక్కు, మొన లోహం అన్నీ విడిగా చేతికి వస్తాయి. వాడిపారేసే పెన్ను ఎక్కడా విడివడదు, అతికించేసి ఉంటుంది. అది చెత్త అవుతుందన్నది తయారుచేసిన రోజే తేలిపోయిందని ఒక పిల్లవాడు తనంతట తానే అన్నాడు. ఫౌండేషన్ మొదటి సూత్రం కూడా అదే.

కరెంటు సామాన్ల మీద పిల్లలకు ఆశ ఎక్కువ. ప్రపంచం మొత్తం మీద 2022లో 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది, అందులో లెక్కప్రకారం సేకరించి రీసైకిల్ చేసింది నాలుగో వంతు కూడా లేదు. కాబట్టి విషయం ముఖ్యమైనదే. కానీ బడిలో ఫోన్ బ్యాటరీ, ట్యూబులైటు, సీఎఫ్ఎల్ బల్బు, పాత డబ్బా టీవీ విప్పనివ్వకండి. బ్యాటరీ అంటుకోవచ్చు, బల్బుల్లో పాదరసం ఉంటుంది, టీవీలో ప్లగ్గు తీసినా షాక్ కొట్టే భాగాలుంటాయి. టార్చి, కాలిక్యులేటర్ దగ్గర ఆగండి. స్క్రూడ్రైవర్లు జట్టుకొకటి కావాలి, ఖర్చంతా అదే. పక్కన ఒక సైకిల్ మెకానిక్‌నో చెప్పులు కుట్టే తాతనో కూర్చోబెట్టగలిగితే ఇంకా మంచిది. 40 మందికి ఒక్క టీచరే అయితే ఈ ఆట వద్దు, నా మాట వినండి.

మార్పిడి సంత

ఏడాది చివర నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి రఫ్ పుస్తకాలు చేయడం, పొట్టిదైన యూనిఫాం కింది తరగతి పిల్లలకు ఇవ్వడం. ఆట కంటే పని ఎక్కువ, కానీ లాభం ఎవరికీ వివరించక్కర్లేదు. ఒక్క విషయం చూసుకోండి. పాత బట్ట వేసుకోవడం కొందరు పిల్లలకు చిన్నతనంగా ఉంటుంది. తెచ్చినవాళ్లు, తీసుకున్నవాళ్లు ఎవరో తెలియకుండా వస్తువులన్నీ ముందు రోజే బల్లల మీద సర్ది, ప్రతి పిల్లకూ సమానంగా మూడు చీటీలు ఇవ్వండి. వస్తువుకు ఒక చీటీ. టీచర్లు కూడా చీటీలు పట్టుకుని వరసలో నిలబడి ఏదైనా తీసుకుంటే ఆ మొహమాటం చాలావరకు పోతుంది.

మానేయదగ్గవి

సీసా పూలకుండీల సంగతి మొదట్లోనే చెప్పాను. చేసి తీరాలనుకుంటే గమ్ము, రంగు లేకుండా దారంతో కట్టగలిగినవి మాత్రమే చేయించండి, రేపు విప్పితే సీసా సీసాగానే మిగలాలి. ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ బోర్డు గేములు బాగానే ఉంటాయి, కానీ ఒక పెట్టె నలుగురికే సరిపోతుంది, 40 మందికి పది పెట్టెలు ఎక్కడి నుంచి తెస్తాం? పైగా వాటిలో ఉండే నగరాలు, కంపెనీలు మన పిల్లలకు కొత్త. ఫోన్ ఆటల్లో వేలితో చెత్తను డబ్బాలోకి తోసేవి చాలా ఉన్నాయి. అవి పందెం ఆట లాంటివే, పరుగు కూడా ఉండదు.

మరి మీకు ఏది?

చేతిలో ఒక్క పీరియడే ఉండి, పిల్లలు నాలుగు నుంచి ఏడో తరగతి లోపువాళ్లయితే ఓమనగుంటలే. అంతకంటే చిన్నవాళ్లయితే డబ్బాల పందెం పెట్టి, బొంత కథ చెప్పి ఊరుకోండి. నో బ్యాగ్ డే లాంటి పూర్తి రోజు దొరికితే పొద్దున పాత సామాన్ల ధర ఆట, మధ్యాహ్నం ఓమనగుంటలు. ధర ఆటలో సున్నా వచ్చిన చిప్స్ ప్యాకెట్లను మధ్యాహ్నం చెత్తకుప్ప గుంటలో పెట్టి చూపిస్తే రెండూ కలుస్తాయి. బడిలో గ్రీన్ కోర్ అనే పర్యావరణ క్లబ్బు చురుగ్గా ఉండి, ఇద్దరు టీచర్లు దొరికితే విప్పి బిగించే ఆట దానికి అప్పగించండి. కంపోస్టు కుండలు మాత్రం ఉత్సాహాన్ని చూసి ఎంచుకోకండి. దసరా, సంక్రాంతి సెలవుల్లో కుండల మీద నీళ్లు చల్లే మనిషి పేరు ముందే కాగితం మీద రాయగలిగితేనే మొదలుపెట్టండి.

పట్నం బడి అయితే పాతిపెట్టడానికి మట్టి దొరకకపోవచ్చు. పాత సిమెంటు కుండీ చాలు, రోజూ కాసిన్ని నీళ్లు పోయాలి. వరంగల్ వాళ్లకు కొత్తవాడ దగ్గర్లో ఉంది. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన జంపఖానాలు నేసే మగ్గాలు అక్కడే ఉన్నాయి. ఓమనగుంటలు ఆడిన మర్నాడు పిల్లల్ని తీసుకెళ్తే మగ్గం గుంట దగ్గర కూర్చున్నవాళ్లు ముందు వరసలో నిలబడతారు. జనగామ వైపు వాళ్లయితే ఇత్తడి పనికి పేరున్న పెంబర్తికి పిల్లల్ని తీసుకెళ్లి, పాత ఇత్తడి ఏమవుతుందో అడగమనండి.

గవ్వలు దొరకకపోతే చింతగింజలను ఒకవైపు గచ్చు మీద తెల్లగా అరగదీయండి, పచ్చీసుకు అరగదీసినట్టే. అరగదీసినవి గుంటల్లోని గింజల్లో కలవకుండా విడిగా చిన్న డబ్బాలో పెట్టుకోండి. మేం కలిపేసి ఒక పీరియడంతా ఏరుకుంటూ కూర్చున్నాం.